మీ ప్రశ్నలు: వికీ పెట్టడం సరే, చూసుకునేది ఎవరు?

ప్రశ్న: నమస్తే మేడమ్. పాత వాల్వు రేడియోలు బాగుచేసే సరదా ఉన్నవాళ్లం నలభై మంది దాకా ఒక బృందంగా ఉన్నాం. ఇన్నేళ్లుగా నేర్చుకున్నదంతా వాట్సాప్ గ్రూపులో పడి కొట్టుకుపోతోంది. అదే ప్రశ్న ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ అడుగుతారు, జవాబు తెలిసినవాళ్లు విసుక్కుంటారు. అందుకని అందరం కలిసి రాసుకునే వెబ్‌సైట్ పెట్టాలనుకున్నాం. ఓపెన్ సోర్స్ వికీయే కావాలన్నంతవరకు అందరిదీ ఒకే మాట. ఏది అన్న దగ్గరే పేచీ. వికీపీడియా నడిచేది మీడియావికీ మీద కాబట్టి అదే పెట్టాలని ఒక పెద్దాయన పట్టు. వికీ.జేఎస్ చూడముచ్చటగా ఉందని మా కుర్రాళ్లంటారు. ఇంకొకాయన డోకువికీ పేరు చెప్పి ఊరుకున్నారు, ఎందుకో చెప్పలేదు. మా దగ్గరున్నది మామూలు షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది. సభ్యుల్లో సగం మంది అరవై దాటినవాళ్లు, టైపింగ్ నిదానం. సర్వర్ సంగతులు తెలిసింది నాకొక్కడికే, అదీ అంతంతమాత్రం. సర్క్యూట్ బొమ్మలు, ఫొటోలు బాగా ఉంటాయి. సభ్యుల చిరునామాలు, ఎవరి దగ్గర ఏ విడిభాగం ఉందో చెప్పే జాబితా మాత్రం బయటివాళ్లకు కనిపించకూడదు. ఏది పెట్టమంటారు? ఎవరైనా వచ్చి రాసేలా తెరిచి ఉంచాలా, వద్దా?

జవాబు: డోకువికీ పెట్టండి. ఆయన చెప్పకుండా ఊరుకున్న కారణాలు నేను చెబుతాను.

మీ ఉత్తరం మొత్తంలో అసలు మాట ‘సర్వర్ సంగతులు తెలిసింది నాకొక్కడికే’ అన్నది. వికీ పెట్టడం ఒక సాయంత్రం పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి అప్‌డేట్లు వేయాలి, బ్యాకప్‌లు తీయాలి, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు కొత్తది ఇవ్వాలి, ప్రకటనలు అంటించి పోయేవాళ్లను తరమాలి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అందరూ ఫీచర్ల పట్టిక ముందేసుకుని టిక్కులు కొడతారు. ‘ఈ చాకిరీ ఎవరు చేస్తారు’ అనే గడి ఆ పట్టికలో ఉండదు. నాకు తెలిసిన వికీల్లో మూతపడినవన్నీ దాదాపుగా చూసుకునే మనిషికి ఓపిక అయిపోయి మూతపడినవే. కాబట్టి నలభై మందికి ఏది నచ్చుతుందన్నది తర్వాత చూద్దాం. మీ ఒక్కరికి ఏది తలకు మించిన భారం కాదో ముందు చూడాలి.

మీ పెద్దాయన మాట తీసిపారేసేది కాదు. మీడియావికీ 2002లో వికీపీడియా కోసమే పుట్టింది. ఒక పేజీని వందల మంది దిద్దినా ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో చూపిస్తుంది. మూసలు (ఒకసారి రాసి చాలా పేజీల్లో వాడుకునే నమూనాలు), వర్గాలు, దారిమార్పులు, ప్రతి పేజీకీ ఒక చర్చ పేజీ, అన్నీ దానికి పుట్టుకతో వచ్చినవే. తెలుగు వికీపీడియాలో రాసిన అలవాటున్న వాళ్లు మీలో ఉంటే కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. ప్రతి రేడియో మోడల్ పేజీకీ పక్కన ఒకే తీరు పెట్టె పెట్టి, అందులో తయారైన ఏడాది, వాల్వులు, బ్యాండ్లు చూపించాలంటే దాని మూసను మించింది లేదు. మామూలుగా టైపు చేసినట్టే రాసుకునే విజువల్ ఎడిటర్ కూడా 2020 నాటి 1.35 వెర్షన్ నుంచి దానితోపాటే వస్తోంది.

మరి వద్దని ఎందుకంటున్నానంటే, దాని వెనక ఒక డేటాబేస్ ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. కొత్త వెర్షన్లు ఏడాదికి రెండు వస్తాయి. దీర్ఘకాలం మద్దతుండే వెర్షన్ తీసుకుంటే (2024 డిసెంబరులో వచ్చిన 1.43 అలాంటిదే) మూడేళ్లపాటు చిన్న చిన్న భద్రతా అప్‌డేట్లతో గడిచిపోతుంది. ఆ తర్వాత పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. అప్పుడు మీరు అదనపు సదుపాయాల కోసం వేసుకున్న ఎక్స్‌టెన్షన్లన్నీ కొత్త వెర్షన్‌తో కుదరాలి, హోస్టింగ్‌లో ఉన్న పీహెచ్‌పీ (మీడియావికీని రాసిన ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ కుదరాలి. పని తెలిసినవాళ్లకు ఇదేమీ లెక్కలోది కాదు. అంతంతమాత్రం తెలిసినవాళ్లకు ఆ వారమంతా టెన్షనే.

ఇంతకన్నా గట్టి కారణం మీ చిరునామాల జాబితా. మీడియావికీలో వికీ మొత్తానికి తాళం వేయడం తేలిక. కొన్ని పేజీలను మాత్రమే కొందరికే చూపించడం దాని స్వభావంలో లేదు. రహస్యాలు దాచడానికి ఇది రాసింది కాదని దాని సొంత డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఒక పేజీలోని విషయం ఇంకో పేజీలోకి మూసగా వస్తుంది, వెతుకులాటలో తొంగిచూస్తుంది, ఇటీవలి మార్పుల్లో బయటపడుతుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుచుకునే ఉంటుంది. దీనికోసం ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, కానీ మనుషుల చిరునామాలను నేనైతే వాటికి అప్పగించను.

కుర్రాళ్లు చెప్పిన వికీ.జేఎస్ నిజంగానే బాగుంటుంది. రాసినదంతా గిట్ రిపాజిటరీలోకి (మార్పుల చరిత్రతో సహా ఫైళ్లు దాచుకునే చోటు) పంపుకునే సదుపాయం ఉంది, మార్క్‌డౌన్ అనే తేలిక గుర్తుల పద్ధతిలో రాసుకోవచ్చు. అయితే అది నోడ్.జేఎస్ మీద నడిచే ప్రోగ్రామ్. సర్వర్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్‌ను వాడమంటారు. ఈ రెండూ చేయనిచ్చే షేర్డ్ హోస్టింగ్ అరుదు. దానికోసం సొంతంగా వర్చువల్ సర్వర్ తీసుకుంటే ఆ సర్వర్ భద్రత కూడా మీ నెత్తినే పడుతుంది. కుర్రాళ్లలో ఒకరు ఆ బాధ్యత రాతపూర్వకంగా ఒప్పుకుంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

బుక్‌స్టాక్ పేరు కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు, అందుకే ముందే చెబుతున్నా. 2015 నుంచి ఉంది. అల్మరా, పుస్తకం, అధ్యాయం, పేజీ అన్న వరసలో ఉంటుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యేది నేను చూడలేదు. ఒక ఆఫీసు పనుల మాన్యువల్ రాసుకోవాలంటే కళ్లు మూసుకుని అదే చెబుతాను. మీ విషయం అలా వరసగా సాగేది కాదు. ఫిల్టర్ కండెన్సర్ పోయి వచ్చే హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) గురించి రాసిన పేజీ ఎన్నో మోడళ్లకు పనికొస్తుంది, దాన్ని ఏ పుస్తకంలో పెడతారు? ఇక ఎక్స్‌వికీ సంగతంటారా, అది జావా మీద నడిచే పెద్ద వ్యవస్థ, సంస్థలకు పనికొస్తుంది. మీకది గోటితో పోయేదానికి గొడ్డలి.

ఇప్పుడు డోకువికీ. 2004లో ఆండ్రియాస్ గోర్ మొదలుపెట్టారు. దీనికి డేటాబేస్ లేదు, పీహెచ్‌పీ ఉంటే చాలు. మీరు రాసే ప్రతి పేజీ సర్వర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ‘డేటా’ అనే ఫోల్డర్‌లో ‘పేజెస్’ అనే ఫోల్డర్ ఉంటుంది, అది తెరిచి చూస్తే మీ పేజీలన్నీ వరసగా కనిపిస్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. పాత ప్రతులు ‘ఆటిక్’ ఫోల్డర్‌లో, ఫొటోలు ‘మీడియా’ ఫోల్డర్‌లో ఉంటాయి. బ్యాకప్ అంటే ఈ డేటా ఫోల్డర్‌నూ, పక్కనున్న ‘కాన్ఫ్’ ఫోల్డర్‌నూ మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడమే. రేపు వెబ్‌సైట్ మొత్తం పడిపోయినా, అసలు డోకువికీయే లేకుండా పోయినా, మీ రాతలు మీ చేతిలో చదవగలిగే రూపంలో ఉంటాయి. ఒక్కరే చూసుకునే వికీకి ఇంతకు మించిన భరోసా నాకు తెలియదు.

చిరునామాల బాధ కూడా ఇక్కడ తీరుతుంది. ఎవరు ఏది చూడొచ్చో, ఏది దిద్దొచ్చో చెప్పే పట్టిక డోకువికీతోపాటే వస్తుంది. ‘సభ్యులు’ అని ఒక విభాగం పెట్టి, అందరికీ అనుమతి లేదని ఒక వరస, లాగిన్ అయిన సభ్యులకు ఉందని ఇంకో వరస చేరిస్తే చాలు. ఆ విభాగంలోకి ఎక్కించిన ఫొటోలకు కూడా అదే నియమం వర్తిస్తుంది. అయితే పెట్టిన రోజే ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఆ డేటా ఫోల్డర్‌లోని ఏదైనా ఒక టెక్స్ట్ ఫైలు పూర్తి చిరునామాను బ్రౌజర్‌లో నేరుగా కొట్టి చూడండి. అనుమతి లేదని రావాలి. ఫైలు తెరుచుకుందంటే మీ రహస్యాల జాబితా లోకానికంతా తెరిచి ఉన్నట్టే. అపాచీ సర్వర్‌లో డోకువికీతో వచ్చే చిన్న ఫైలే ఈ కాపలా కాస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో రకం సర్వర్ ఆ ఫైలును పట్టించుకోదు, దానికి విడిగా చెప్పాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రతి పేజీ ఒక ఫైలు అన్నాను కదా, పేజీ పేరే ఆ ఫైలు పేరు అవుతుంది. డోకువికీ తనంతట తానుగా ఇంగ్లిష్ కాని అక్షరాలను శాతం గుర్తులూ అంకెలూ ఉన్న పొడుగాటి రూపంలోకి మారుస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తుకు యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో మూడు బైట్లు, ఈ రూపంలో అవి తొమ్మిది అవుతాయి. గుడి, కొమ్ము, పొల్లు, సున్న కూడా ఒక్కొక్కటీ విడి గుర్తే. లినక్స్ సర్వర్లలో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇప్పుడు ‘పాత వాల్వు రేడియోలో గరగర శబ్దం’ అని ఒక పేజీ పెట్టారనుకోండి. గుర్తులు 26, మధ్యలో ఖాళీలు 4. మొత్తం 238 బైట్లు. చివర టీఎక్స్‌టీ తోక కలిపితే 242, ఎలాగో పట్టింది. కానీ అదే పేజీ పాత ప్రతిని దాచేటప్పుడు పేరుకు పది అంకెల సమయం, చుక్కలు, జీజెడ్ అనే ఇంకో తోక చేరతాయి. లెక్క 256కు వెళ్తుంది. ఒక్క బైటు ఎక్కువై ఆ పేజీ చరిత్ర దాచడానికి చోటు లేకుండా పోతుంది.

దీనికి విరుగుడు సెట్టింగుల్లోనే ఉంది. ఇంగ్లిష్ కాని ఫైలు పేర్లను ఎలా రాయాలో అడిగే చోట యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే ఇదే పేరు 82 బైట్లలో సర్దుకుంటుంది. మొదటి పేజీ రాయకముందే మార్చండి. తర్వాత మారిస్తే పాత ఫైళ్ల పేర్లన్నీ మీరే మార్చుకోవాలి. మార్చాక తెలుగు పేరుతో ఒక పేజీ పెట్టి, ఫోల్డర్‌ను మీ కంప్యూటర్‌లోకి దించి, పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో చూడండి. నాకు ఇంకా నచ్చే పద్ధతి ఏమిటంటే, పేజీ పేరు పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, పేజీలోని మొదటి శీర్షికనే పేరుగా చూపించమని సెట్టింగ్ మార్చడం. చదివేవాళ్లకు తెలుగే కనిపిస్తుంది, లింకు ఎవరికైనా పంపినా చూడటానికి బాగుంటుంది. మీడియావికీలో కూడా పేజీ పేరుకు 255 బైట్ల హద్దు ఉంది, కానీ అక్కడ ఒక్కో గుర్తుకు మూడు బైట్లే కాబట్టి 85 గుర్తుల దాకా పోవచ్చు. ఎవరికీ అడ్డు తగలదు.

నిదానంగా టైపు చేసే మీ పెద్దవాళ్లకు డోకువికీలో ఒక మేలుంది. ఒకరు దిద్దుతున్నప్పుడు ఆ పేజీకి తాళం పడుతుంది, ఇంకొకరు తెరవబోతే ఫలానావారు దిద్దుతున్నారని చెబుతుంది. మామూలుగా ఆ తాళం 15 నిమిషాలు. అది ముగిసేముందు హెచ్చరిక వస్తుంది, ప్రివ్యూ నొక్కితే గడువు మళ్లీ మొదలవుతుంది. ‘మధ్యమధ్యలో ప్రివ్యూ నొక్కండి’ అని పెద్ద అక్షరాల్లో రాసి పంపండి. మీడియావికీలో దిద్దేటప్పుడు ఇలా తాళం పడదు. ఇద్దరూ రాసుకుంటూ పోతారు, ఒకే చోట ఇద్దరూ మారిస్తే రెండోవారికి ఘర్షణ తెర వస్తుంది. గంటసేపు కూర్చుని రాసిన పెద్దమనిషికి ఆ తెర చూపిస్తే మళ్లీ ఆ వైపు రారు.

లోపాలు కూడా చెప్పాలి కదా. మూసలు, వర్గాలు, చర్చ పేజీలు డోకువికీలో సొంతంగా లేవు, ప్లగిన్లతో (విడిగా వేసుకునే చేర్పులతో) తెచ్చుకోవాలి. కొన్ని ప్లగిన్లను రాసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. ప్రతి ప్లగిన్ పేజీలోనూ ఏ వెర్షన్లతో పనిచేస్తుందో రాసి ఉంటుంది, అది చూడకుండా వేయకండి. ఫలానా వాల్వు వాడిన రేడియోలన్నీ ఏడాది వరసలో చూపించు అని వికీని అడగడమే మీ అసలు అవసరమైతే నా సలహా తిరగబడుతుంది. డోకువికీకి స్ట్రక్ట్ అనే ప్లగిన్ ఉంది, కొంతదూరం నడుస్తుంది. కానీ ఆ పనికి సెమాంటిక్ మీడియావికీ లాంటి ఎక్స్‌టెన్షన్ వేసిన మీడియావికీయే మేలు. అప్పుడు చిరునామాల జాబితాను వికీలోకి తేకుండా వేరేచోట ఉంచండి.

ఫొటోల గురించి ఒక్క మాట. పీహెచ్‌పీ తనంతట తాను 2 ఎంబీకి మించిన ఫైలును ఎక్కించనివ్వదు. ఫోన్‌తో తీసిన ఫొటో చాలాసార్లు అంతకంటే పెద్దది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఆ హద్దు పెంచుకోండి, లేకపోతే మొదటి రోజే ‘ఫొటో ఎక్కట్లేదు’ అని మీకు ఫోన్లు మొదలవుతాయి.

ఎవరైనా రాసేలా తెరవాలా అంటే, ఇప్పుడే వద్దు. చదవడం అందరికీ, రాయడం మీరు ఖాతా ఇచ్చినవాళ్లకే. నలభై మంది వికీకి మనుషులు రాకముందే స్పామ్ బాట్లు (ప్రకటనలు అంటించే ప్రోగ్రాములు) వస్తాయి. తమంతట తాము నమోదు చేసుకునే సదుపాయం ఆపేయండి. కొన్నాళ్లకు తెరవాలనిపిస్తే, వచ్చింది మనిషో బాటో తేల్చే క్యాప్చా ప్లగిన్ వేసి, అందులో మీ సొంత ప్రశ్న పెట్టండి. రేడియోలో స్టేషన్ మార్చడానికి తిప్పేదేమిటి అని తెలుగులో అడిగితే మీకు కావలసినవాళ్లు చెబుతారు, ఊరికే వచ్చే బాట్‌లు చాలామటుకు అక్కడే ఆగిపోతాయి.

మీరు అడగనిది ఒకటుంది. రాసినదానిమీద హక్కు ఎవరిది? సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన దానిలో రాసిన రాతలు స్వేచ్ఛగా వాడుకోదగినవి అయిపోవు. అది వేరు, ఇది వేరు. మొదటి పేజీ పడకముందే ఒక లైసెన్స్ ప్రకటించండి. వికీపీడియా వాడే సీసీ బై-ఎస్ఏ (రాసినవాళ్ల పేరు చెప్పి, ఇదే లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు అనేది) మీకు సరిపోతుంది. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2003లో వికీట్రావెల్ అనే యాత్రల వికీ మొదలైంది. 2006లో అది ఒక కంపెనీ చేతికి వెళ్లింది. జర్మన్‌లో రాసేవాళ్లు కొందరు అదే ఏడాది బయటికొచ్చి వికీవాయేజ్ పెట్టుకున్నారు. 2012లో ఇంగ్లిష్‌లో రాసేవాళ్లలో చాలామంది కూడా అటే నడిచారు, 2013 జనవరిలో అది వికీమీడియా ప్రాజెక్టుల్లో ఒకటైంది. ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలను వెంట తీసుకుపోగలిగింది లైసెన్స్ అలా ఉండబట్టే. తర్వాత పెడదాంలే అనుకుంటే అప్పటిదాకా రాసిన ఒక్కొక్కరినీ వెతికి ఒప్పించాలి. అన్నట్టు, కంపెనీల సర్వీస్ మాన్యువళ్లు స్కాన్ చేసి పెట్టేస్తామంటే ఈ లైసెన్స్ పనికిరాదు. వాటి హక్కు మీది కాదు. సర్క్యూట్‌ను మీరే మళ్లీ గీసి, మీ మాటల్లో వివరం రాసుకోండి.

చివరి నిర్ణయం ఓటింగ్‌తో తేల్చకండి. మీలో కంప్యూటర్ అంటే అందరికన్నా భయపడే పెద్దాయనను కూర్చోబెట్టి, ఒక పేజీ తెరిచి, ఒక తప్పు దిద్ది, ఒక ఫొటో పెట్టమనండి. పక్కన మీరుండండి గానీ నోరు విప్పకండి. ఆయన ఎక్కడ ఆగిపోతారో అక్కడికి సహాయం పేజీ రాయండి. డోకువికీలో శీర్షికకు ముందూ వెనకా పెట్టే సమానం గుర్తుల దగ్గరే చాలామంది ఆగుతారు. పైనున్న బొత్తాం నొక్కితే అవి వాటంతటవే పడతాయని చూపిస్తే సరి. ఇంకో సంగతి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీతోపాటు ఇంకొకరి దగ్గరా ఉండాలి. డొమైన్, హోస్టింగ్ లాగిన్లు కూడా.

ప్రశ్న: ఇప్పుడు డోకువికీతో మొదలుపెట్టి, పెద్దదయ్యాక మీడియావికీకి మారొచ్చా? లేక మొదటే పెద్దది పెట్టుకోవడం మంచిదా?

జవాబు: మారొచ్చు. పాన్‌డాక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ డోకువికీ రాతను చదివి మీడియావికీ రాతగా మారుస్తుంది. శీర్షికలు, జాబితాలు, పట్టికలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. ప్లగిన్లతో చేసిన సోకులేవీ రావు. పేజీ చరిత్ర కూడా దానితో రాదు, ఎవరు ఏది రాశారన్నది పోతుంది. అందుకే పాత వికీని చదవడానికి మాత్రమే ఉండేలా అలాగే ఉంచేయండి. మారే ఉద్దేశం కొంచెమైనా ఉంటే ప్లగిన్లు తక్కువ వేసుకోండి. ఎప్పుడో పెద్దదవుతుందని ఇప్పుడే పెద్దది పెట్టుకుంటే మాత్రం, ఆ ‘ఎప్పుడో’ రాకముందే మీరు అలసిపోతారు.

ప్రశ్న: సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో కనిపిస్తే అది ఓపెన్ సోర్స్ అన్నట్టేనా? అవుట్‌లైన్ అనే వికీ చూశాను, చాలా బాగుంది.

జవాబు: కాదు. కోడ్ కనిపించడం వేరు, దాన్ని ఏ పనికైనా వాడుకునే, మార్చి పంచుకునే హక్కు ఉండటం వేరు. అవుట్‌లైన్ బిజినెస్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, అందులో వాడకం మీద షరతులుంటాయి. మీ బృందం సొంతానికి వాడుకోవడానికి అడ్డు రాకపోవచ్చు, కానీ దాన్ని ఓపెన్ సోర్స్ అనరు. రిపాజిటరీలో లైసెన్స్ అనే ఫైలు ఉంటుంది. తెర అందం చూసి మురిసేముందు అది తెరవండి. మీడియావికీ, డోకువికీలది జీపీఎల్, బుక్‌స్టాక్‌ది ఎంఐటీ, వికీ.జేఎస్‌ది ఏజీపీఎల్. ఇవన్నీ నిక్కమైన ఓపెన్ సోర్స్ లైసెన్సులే.

ప్రశ్న: మా వికీ ఎప్పటి నుంచో మోయిన్‌మోయిన్ 1.9 మీద బాగానే నడుస్తోంది. మార్చమని అందరూ భయపెడుతున్నారు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?

జవాబు: అది పైథాన్ 2 అనే పాత ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ మీద నడుస్తుంది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. కొత్త సర్వర్లలో అది దొరకదు కాబట్టి మీరు పాత సర్వర్‌ను కూడా అప్‌డేట్ చేయకుండా పట్టుకుని కూర్చోవాలి. ఈసారి భయపెట్టేవాళ్ల మాటే సరైనది. ముందు పేజీలున్న ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి, అవీ టెక్స్ట్ ఫైళ్లే. ఆ తర్వాత ఎక్కువమంది చదివే పేజీలను చేత్తోనే కొత్త వికీలోకి మార్చండి. మిగతావాటిలో ఎవరూ అడగనివి చాలా ఉంటాయి.

ప్రశ్న: నేనొక్కదాన్నే నా చదువు నోట్స్ కోసం వికీ పెట్టుకోవాలి. సర్వర్ లేదు.

జవాబు: టిడ్లీవికీ. మొత్తం వికీ ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. మామూలుగా అయితే సేవ్ నొక్కినప్పుడల్లా కొత్త ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. ఏది తాజాదో తికమక పడకుండా, బ్రౌజర్ సెట్టింగుల్లో ‘ఎక్కడ దాచాలో ప్రతిసారీ అడుగు’ అన్నది ఆన్ చేసి, పాత ఫైలు మీదే రాయండి.